మార్కెట్టు మందగించినను మానని వెదకులాట

విజయవాడ వర్తకలోకమునకు 2019వ సంవత్సరాంతము మొదలుకొని నడచిన కాలము, ఒక దెబ్బ మానకముందే మరియొక దెబ్బ తగిలిన కాలము. ఆ యేడు ఇసుక దొరకక కట్టుబడి పనులు నిలిచిపోగా, తాపీమేస్త్రీలు మొదలు సిమెంటు, ఇనుము, రంగుల దుకాణదారుల వరకు అందరును పనిలేక కూర్చుండిరి. డిసెంబరు 17వ తేదీన శాసనసభలో ఆంధ్రప్రదేశ్‌కు మూడు రాజధానుల ప్రస్తావన వెలువడినంతనే, 2015 అక్టోబరులో రాజధానిగా శంకుస్థాపన జరిగిన నాటినుండి అమరావతి చుట్టును పెరుగుచు వచ్చిన స్థలముల బేరములు స్తంభించెను. మరి మూడు నెలలు గడచునంతలో, 2020 మార్చి 25 నుండి దేశమంతటను లాక్‌డౌను విధింపబడి, బీసెంటు రోడ్డులోని బట్టల దుకాణములు, వన్‌టౌనులోని వస్త్రలత బట్టల బజారు, కాళేశ్వరరావు మార్కెట్టు, ఆటోనగరులోని వర్కుషాపులు అన్నియు ఒక్కసారిగా మూతబడెను.

ఇట్టి దినములలో యజమాని పద్దుల పుస్తకము ముందు వేసికొని కూర్చున్నప్పుడు అద్దె తగ్గించుట తన చేతిలో లేదు, కరెంటు బిల్లు ఆగదు, ఏండ్ల తరబడి నమ్ముకొనియున్న గుమాస్తాను తీసివేయుటకు మనసొప్పదు. కనుక కొట్టివేతకు మొదట గురియగునది వెబ్‌సైటుకును, దానిని చూచు కుర్రవానికిని నెలనెల ఇచ్చు సొమ్ము. కొనువారే లేనప్పుడు గూగుల్‌లో కనబడి యేమి లాభమని అతడు తలంచుట సహజమే. కాని గూగుల్ వంటి శోధన యంత్రము పనిచేయు తీరు తెలిసికొన్నవారికి ఆ తలంపులోని లోపము స్పష్టముగా గోచరించును. ఆ తీరును వివరించుటయే ఈ అధ్యాయమునకు ఉద్దేశము.

శోధన యంత్రమునకు డబ్బు చెల్లింపకయే మన దుకాణము పేరు, సరుకు, చిరునామా వెదకువారికి పై వరుసలలో కనబడునట్లు వెబ్‌సైటును తీర్చిదిద్దు విద్యకు సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అని పేరు. వాడుకలో అందరును ఎస్ఈవో అందురు. ఇది ప్రకటన కాదు. గూగుల్ సంస్థ 2000వ సంవత్సరమున ఆరంభించిన ప్రకటనల పద్ధతిలో, వెదకువాడు ఒక మాట టైపు చేసినంతనే తెర వెనుక క్షణకాలము వేలము జరుగును. పాట పెట్టిన వర్తకులలో నెగ్గినవాని ప్రకటన పైన నిలుచును. సొమ్ము అయిపోయిన నిమిషముననే ఆ ప్రకటనయు తొలగిపోవును. ఎస్ఈవో వలన లభించు స్థానము అట్టిది కాదు. అది సంవత్సరముల తరబడి కూడబెట్టిన నిలువ. నేడు ఖర్చు ఆపినను రేపే పోదు. అందువలననే దానిని ఉపేక్షించుట సులభము, అందువలననే ప్రమాదకరము. ఆరు నెలలు పట్టించుకొనకున్నను ఏమియు కాలేదనిపించును. ఏడవ నెలలో పోయినది కనబడును. పోయినదానిని తిరిగి సంపాదించుటకు మరల ఏండ్లు పట్టును.

మాంద్యకాలమున ప్రచారమును మానుట మంచిదా, కొనసాగించుట మంచిదా అను చర్చ కొత్తది కాదు. 1920–21లో అమెరికాను బాధించిన మాంద్యమును పరిశీలించి రోలండ్ వేయిల్ అను ఆచార్యుడు 1927లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. ఆ గడ్డుకాలమున ప్రకటనలు పెంచిన సంస్థల అమ్మకములు, తగ్గించినవారి అమ్మకముల కంటె మెరుగుగా నిలిచినవని ఆయన లెక్కలలో తేలెను. ఐనను ఈ ఫలితమును కన్నులు మూసికొని స్వీకరింపరాదు. ప్రకటనలకు సొమ్ము మిగిలియున్న సంస్థ మొదటినుండియే గట్టిదై యుండవచ్చును, గట్టిదగుటచేతనే నిలిచియుండవచ్చును. కారణమేదో ఫలమేదో విడదీయుట కష్టము. ఎస్ఈవో విషయమున మాత్రము మనము ఇట్టి గణాంకముల మీద ఆధారపడ నక్కరలేదు. యంత్రము నడచు విధానమే మనకు సాక్ష్యము.

సంపాదించిన ప్రసిద్ధి ఎంతకాలము నిలుచునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. కృష్ణా జిల్లా ఎలకుర్రున జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించినప్పుడు, సంగీత సభలలో ఆ లేపనమును ఉచితముగా పంచిపెట్టి జనుల నోట దాని పేరు పలికించిరి. 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిరి. 1938లో ఆయన కీర్తిశేషులైన పిదప తరములు మారినను ఆ పేరు మాసిపోలేదు. జనుల నోట పడిన పేరు విలువను యంత్రము కొలవగలుగుట మాత్రము మన కాలమున జరిగిన అద్భుతము. ఆ కొలత ఎట్టిదో చూతము.

శోధన యంత్రము చేయు పని మూడు భాగములు. మొదట క్రాలరు అను ప్రోగ్రాము ఒక పుటనుండి మరియొక పుటకు లింకుల వెంబడి పోవుచు ప్రపంచమందలి పుటలను చదివి తెచ్చును. రెండవది సూచిక. అందు 'కలంకారీ' అను మాటకెదురుగ ఆ మాట గల పుటలన్నియు, 'పెడన' అను మాటకెదురుగ ఆ మాట గల పుటలన్నియు ముందుగనే నమోదై యుండును. వెదకువాడు రెండు మాటలను కలిపి అడిగినప్పుడు యంత్రము లోకమంతటను వెదకదు, ఆ రెండు జాబితాలలోను ఉన్న పుటలను మాత్రమే తీయును. ఇచ్చట 1972లో కేంబ్రిడ్జి పండితురాలు కరెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించిన ఒక సూత్రము మిగుల ఉపకరించును: ఎల్లెడల కనబడు మాటకు విలువ తక్కువ, అరుదుగా కనబడు మాటకు విలువ ఎక్కువ. 'చీర' అను మాట లెక్కలేనన్ని పుటలలో నుండును; 'తెల్లపొణికి' అను మాట కొలదిచోట్లనే యుండును; కావున కొండపల్లి బొమ్మలకు వాడు ఆ కొయ్య పేరు తన పుటలో వ్రాసికొన్న దుకాణము, 'అందమైన బొమ్మలు, సరసమైన ధరలు' అని మాత్రమే వ్రాసినదాని కంటె యంత్రమునకు సులభముగా దొరకును.

మూడవదగు వరుస నిర్ణయమే అన్నిటికంటె సూక్ష్మమైనది. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థులైన సెర్గే బ్రిన్, లారీ పేజ్ అను యువకులు 1998లో ప్రకటించిన పేజ్‌ర్యాంకు సిద్ధాంతము దీనికి పునాది. ఒక పుట గొప్పదని దాని యజమాని చెప్పుకొనుట కాదు, ఇతరులు దానికి లింకు ఇచ్చుట ముఖ్యము. ఆ ఇచ్చువారును గొప్పవారైనచో ఆ లింకు విలువ మరింత యెక్కువ. ఇందు ఒకదాని విలువ మరియొకదాని మీద, దాని విలువ మరల మొదటిదాని మీద ఆధారపడుచున్నది కదా, దీనికి తుది యెక్కడ అని సందేహము కలుగవచ్చును. ఆ ముడి విడుటను చిన్న లెక్కలో చూడవచ్చును.

మూడు పుటలనే ఊహింతము: మొదటిది యాత్రికుల కొరకు కొండపల్లి కోటను గూర్చి వ్రాసిన పుట, రెండవది బొమ్మలను గూర్చి ఒక పత్రికలో వచ్చిన వ్యాసము, మూడవది బొమ్మల దుకాణపు పుట. యాత్రికుల పుటనుండి వ్యాసమునకొకటి, దుకాణమునకొకటి, రెండు లింకులు గలవు; వ్యాసమునుండి దుకాణమునకు ఒకటి; దుకాణమునుండి యాత్రికుల పుటకు ఒకటి. నూరుగురు జనులను మూడు పుటలకు సమముగా పంచి, ప్రతివారిని తమ యెదుటనున్న లింకులలో ఒకదానిని పట్టుకొని ముందుకు పొమ్మందుము. మొదటి అడుగు ముగియునప్పటికి యాత్రికుల పుటయందు 33, వ్యాసమునందు 17, దుకాణమునందు 50 మంది యుందురు. రెండవ అడుగున 50, 17, 33. మూడవ అడుగున 33, 25, 42. ఇట్లు అడుగులు పడుచున్నకొలది ఊగులాట తగ్గి, తుదకు సంఖ్యలు 40, 20, 40 వద్ద నిలుకడ పొందును. ఆ నిలుకడ సంఖ్యయే పుట విలువ. ఈ మూడు సంఖ్యల వరుసను గణితజ్ఞులు ఐగెన్ వెక్టర్ అందురు. నిజమైన సిద్ధాంతమున జనులు నూటికి 85 సారులు లింకు వెంబడి పోవుదురనియు, తక్కిన 15 సారులు తోచిన పుటకు ఎగిరి పోవుదురనియు ఒక సవరణ గలదు. లేకున్న లింకులు లేని పుటలో చిక్కుకొన్నవారు బయటపడుట యెట్లు? నేటి గూగుల్ ఇంకను అనేకమైన ఆనవాళ్లను చేర్చి లెక్కగట్టుచున్నను, ఇతరుల సాక్ష్యమే విలువకు మూలమను భావము మారలేదు.

ఇప్పుడు ఈ లెక్కలోనే మాంద్యమును ప్రవేశపెట్టి చూతము. బొమ్మల దుకాణదారుడు ఖర్చు తగ్గించుకొనుటకై పాత వెబ్‌సైటును తీసివేసి, మరియొక చౌక చోట, మరియొక చిరునామాతో కొత్తది పెట్టుకొనెననుకొందము. యాత్రికుల పుటలోని లింకు, వ్యాసములోని లింకు రెండును పాత చిరునామాకే పోవుచున్నవి. అచ్చట ఇప్పుడు ఏమియు లేదు. నూటికి 40 మందిని తెచ్చుచుండిన ఆ రెండు దారులును శూన్యమున ముగిసినవి. కొత్త పుటకు ఒక్క లింకును లేదు. ఎవరును అతనికి ద్రోహము చేయలేదు, పోటీదారుడు ఏమియు చేయలేదు. పాత చిరునామా నుండి కొత్తదానికి 301 అను శాశ్వత మళ్లింపు పెట్టకపోవుటయే నష్టమునకు కారణము. ఆ మళ్లింపు పెట్టుట తెలిసినవానికి కొన్ని నిమిషముల పని.

దీనికంటె ఘోరమైనది డొమైను గడువు తీరిపోనిచ్చుట. సంవత్సరమునకొకసారి కట్టవలసిన ఆ స్వల్ప మొత్తమును కట్టక మరచినచో, డాట్‌కామ్ పేర్లకు రద్దయిన పిమ్మట 30 దినముల విమోచన గడువొకటి యుండును. ఆ గడువులో అధిక రుసుము చెల్లించి పేరును తిరిగి పొందవచ్చును. అదియు దాటినచో ఆ పేరు ఎవరిదైనను కావచ్చును. పాత పేరునకున్న లింకుల విలువను కాజేయుటకై గడువు తీరిన పేర్లను వెదకి కొనువారు గలరు. వారు దానిని దురుపయోగపరచుచున్నందుననే గూగుల్ 2024 మార్చిలో ఆ పనిని తన నిషేధముల జాబితాలో చేర్చవలసివచ్చెను. తాత పేరున వెలసిన దుకాణపు పేరు జూదపు ప్రకటనలకు నిలయమగుట ఏ కుటుంబమునకైన తలవంపు కాదా?

సైటును తాత్కాలికముగా మూసివేయుదమను ఆలోచనను గూర్చి గూగుల్ సంస్థయే 2020 మార్చిలో, లాక్‌డౌనులు ప్రపంచమంతటను వ్యాపించుచున్న తరుణమున, వర్తకులకు సూచనలు ప్రకటించెను. వానిలోని సారము గ్రహింపదగినది. సైటును పూర్తిగా తీసివేయుట కొన్ని వారములకైనను హానికరము. దానికి బదులు ఆర్డరు పెట్టు బొత్తామును మాత్రము నిలిపివేసి, సరుకు ప్రస్తుతము పంపజాలమని పైన ఒక ప్రకటన పెట్టి, తక్కిన పుటలను ఉన్నవి ఉన్నట్లే ఉంచవలెను. అత్యవసరముగా మూయక తప్పనిచో, సేవ తాత్కాలికముగా లేదని తెలుపు 503 అను సంకేతమును ఒకటి రెండు దినములకు మించకుండ ఇయ్యవచ్చును. క్రాలరు మాటిమాటికి వచ్చి ఏమియు దొరకక తిరిగిపోవుచున్నచో, ఆ పుట ఇక లేనిదని యెంచి సూచికనుండి తొలగించును. తలుపు తెరచిన తరువాత మరల నమోదగుటకు ఎంత కాలము పట్టునో ముందుగా ఎవరును చెప్పజాలరు.

మందకాలమున మూసివేయుట కాదు, మరమ్మతు చేసికొనవలెనను నీతి కృష్ణా డెల్టా ప్రజలకు కొత్తగా నేర్పవలసినది కాదు. 1852–55 మధ్య కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో విజయవాడ వద్ద ఆనకట్ట లేచినది. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. నాటినుండి నేటివరకు ఏలూరు, రైవస్, బందరు కాలువల కింద సేద్యము చేయు రైతు యెరిగిన సత్యమొకటి గలదు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడే పూడిక తీయుదురు, గట్లు బాగుచేయుదురు, షట్టర్లకు గ్రీసు వేయుదురు. జూన్ దాటి నీరు వదలిన పిదప పార పట్టుకొని దిగినను ప్రయోజనము లేదు. వ్యాపారమునందును బేరములు లేని కాలమే మరమ్మతు కాలము. సీజనులో దుకాణము నిండ జనమున్నప్పుడు పుటలు దిద్దుకొనుటకు ఎవరికి తీరిక? గుమాస్తా ఖాళీగా ఉన్న ఆ నెలలలో అతనిచేతనే విరిగిన లింకులు వెదకించి సరిచేయింపవచ్చును, మారిన ఫోను నంబర్లు దిద్దింపవచ్చును, ఎన్నడో అమ్ముడైపోయిన సరుకుల పుటలను ఉన్న సరుకుల పుటలకు మళ్లింపవచ్చును. ఇందుకు కావలసిన పనిముట్లలో ముఖ్యమైన సెర్చ్ కన్సోలును గూగుల్ ఉచితముగా ఇచ్చుచున్నది. ఏ మాటలు వెదకి జనులు మన పుటను చూచిరో, ఏ పుటలు సూచికలో చేరలేదో అది చెప్పును. సైటుకు భద్రత కూర్చు సర్టిఫికెట్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను లాభాపేక్ష లేని సంస్థ 2015 డిసెంబరు నుండి ఉచితముగానే ఇచ్చుచున్నది. కనుక మాంద్యకాలపు ఎస్ఈవోకు కావలసినది సొమ్ము కంటె శ్రద్ధ.

మన ప్రాంతమున శ్రద్ధ అన్నింటికంటె ఎక్కువ అవసరమైన చోటు లిపి. విజయవాడలో ఏ డీటీపీ దుకాణమునకు పోయినను కరపత్రములు, ధరల పట్టికలు చిరకాలముగా 'అను' పేరుగల ఫాంట్లతో కూర్పబడుచున్నవి. కాగితము మీద అవి ముచ్చటగా నుండును. కాని ఆ పద్ధతిలో కంప్యూటరునందు నిలువయైనది తెలుగు అక్షరము కాదు, రోమను అక్షరములకు కేటాయించిన సంఖ్య. దానిమీద తెలుగు రూపము తొడిగి చూపుదురు, అంతే. ఆ పాఠమును అట్లే వెబ్‌సైటునకు ఎక్కించినచో క్రాలరుకు అది అర్థము లేని రోమను అక్షరముల కుప్ప. తెలుగునకు యూనికోడ్ 1991లోనే తన మొదటి కూర్పున ప్రత్యేకమైన సంఖ్యలను కేటాయించెను. ఆ సంఖ్యలలో వ్రాసిన 'కొండపల్లి బొమ్మ' మాత్రమే ప్రపంచమున ఏ యంత్రమునకైన 'కొండపల్లి బొమ్మ'. ఇట్టి లోపమునకు మరియొక రూపము, ధరల పట్టికనంతయు ఒక బొమ్మగా చేసి సైటుమీద అంటించుట. బొమ్మలోని అక్షరములను చదువు విద్య యంత్రములకు అలవడుచున్నను, నేరుగా వ్రాసిన పాఠమునకున్న నమ్మకము దానికి లేదు. ఒక నెల బేరములు లేకున్నచో, పాత కరపత్రములలోని మాటలను కూర్చుండి యూనికోడ్‌లో తిరిగి టైపు చేయించుట కంటె మేలైన పని నాకు తోచదు.

మన వారు వెదకు తీరును కూడ గమనింపవలెను. ఒకే మనిషి ఉదయము తెలుగు లిపిలో, సాయంకాలము రోమను లిపిలో తెలుగు మాటలతో, మరునాడు ఫోనుకు నోటితో చెప్పి వెదకును. రోమను లిపిలో కలంకారీని నలుగురు నాలుగు విధములుగ వ్రాయుదురు. పుటలో తెలుగు పేరును, ఇంగ్లీషు పేరును సహజముగా వాక్యములలో ఇమిడ్చి వ్రాసినచో చాలును; ప్రతి రూపమును వరుసగా పేర్చి పుటను నింపుట అనవసరము, అసహ్యము. విజయవాడలో, విజయవాడకు, విజయవాడనుండి అని విభక్తులతో మారు రూపములను ఒకే మాటగా గుర్తించు నేర్పు యంత్రములకు అలవడుచున్నది. తెలుగు పుటలకు తెలుగులోనే ప్రకటనలు ఇచ్చు వసతిని గూగుల్ 2018లో కల్పించుట, ఈ భాషలో వెదకువారి సంఖ్య ఉపేక్షింపరానిదైనదనుటకు నిదర్శనము.

మాంద్యమున జనులు వెదకుట మానుదురా? మానరు, వెదకు వస్తువు మారును. గూగుల్‌లో ఆర్థికశాస్త్రజ్ఞులైన హ్యున్యంగ్ చోయ్, హాల్ వేరియన్ 2009లో, నాటి ప్రపంచ మాంద్యము నడుమ, పరిశీలనలు ప్రకటించిరి: కార్ల అమ్మకములు, నిరుద్యోగ భృతికై వచ్చు దరఖాస్తులు వంటి ప్రభుత్వ లెక్కలు వెలువడుటకు ముందే, జనులు వెదకు మాటలలోని హెచ్చుతగ్గులను బట్టి వర్తమాన స్థితిని మెరుగుగా అంచనా కట్టవచ్చునని వారు చూపిరి. అనగా జేబు పలుచబడిన సంగతి వెదకులాటలో ముందు తెలియును. కొత్త లారీ కొనదలచినవాడు ఆ యోచన మానుకొని ఉన్న లారీకి బాడీ బాగుచేయువాని కొరకు, ఇంజను విప్పి బిగించువాని కొరకు వెదకును. ఆటోనగరులో కొత్త బాడీలు కట్టు షెడ్డువాడు తన పుటలో మరమ్మతుల సంగతి ఒక్కమాటయు వ్రాయకున్నచో ఆ వెదకులాట అతనిని దాటిపోవును. పట్టుచీర వాయిదా వేసికొన్న గృహిణి మంగళగిరి నూలు చీర ధర అడుగును. ప్రతిదినము తన వద్దకు వచ్చు ప్రశ్నలలో సుమారు 15 శాతము మునుపెన్నడును రానివని గూగుల్ పలుమార్లు చెప్పియున్నది. గడ్డుకాలమున ఇట్టి కొత్త ప్రశ్నలకు పోటీ తక్కువ, ఏలయన పోటీదారులు చాలమంది పుటలు వ్రాయుట మానియుందురు.

గిరాకీ తిరిగి వచ్చుట కూడ చెప్పి రాదు. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున దేశీయ బొమ్మలను గూర్చి చెప్పుచు కొండపల్లి పేరెత్తిరి. లాక్‌డౌనుతో యాత్రికులు రాక కళాకారులు అల్లాడుచున్న దినములవి. ఆ మాట విని ఎక్కడనో ఢిల్లీలో, అమెరికాలో కూర్చున్నవాడు ఫోను తీసి వెదకినప్పుడు, ఎవని పుట బ్రతికియున్నదో వానికే ఆ చూపు దక్కును. దసరా బొమ్మల కొలువునకు ముందు నెలలో సైటు మూసి పెట్టినవానికి ఆ సంవత్సరమునకు అవకాశము దాటినట్లే.

వ్రాయుటకు మా దుకాణములో ఏమున్నది అందురేమో. పెడనలో కలంకారీ అద్దకము చేయించు ఒక వర్తకుని ఊహింపుడు. గుడ్డను కరక్కాయ కషాయమున, పాలలో నానబెట్టుట. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి నలుపు తీయుట. పటిక అద్దిన చోట మాత్రమే ఎరుపు పట్టుట. పారు కాలువ నీటిలో జాడించి మిగులు రంగును వదలించుట. చెక్క అచ్చును కొట్టునప్పుడు అంచు కలియవలసిన తీరు. ఇవన్నియు అతనికి నిత్యకృత్యములు, లోకమునకు విజ్ఞానము. కరక్కాయలోని టానిను ఇనుముతో కలిసి నల్లనగుట, పటికలోని అల్యూమినియము రంగును నూలుకు పట్టియుంచుట అనునవి రసాయనశాస్త్ర పాఠములే. అసలు అద్దకమును మిల్లు ముద్రణనుండి గుర్తించుట యెట్లు, మొదటి ఉతుకున రంగు పోవునా, ఉప్పునీటిలో నానబెట్టవలెనా అను ప్రశ్నలు అతనిని ప్రతిదినము అడుగుదురు. అడుగువారి మాటలలోనే ప్రశ్న వ్రాసి, తన అనుభవముతో సమాధానము వ్రాసి, తన పనివారి చేతులు కనబడునట్లు ఫొటోలు చేర్చిన పుటకు పత్రికలు, విద్యార్థులు, యాత్రికులు తామై లింకు ఇత్తురు. అట్టి లింకులే పైన చెప్పిన లెక్కలో 40 మందిని తెచ్చునవి. కొనుగోలుతో నిమిత్తము లేక లోకము కోరు పుట ఇది గనుక, మాంద్యమునందును దీని విలువ తరుగదు.

లింకులను సొమ్మిచ్చి కొనుట మాత్రము గడ్డుకాలమున వర్తకుడు పడరాని గోయి. నెలరోజులలో మొదటి పుటలోనికి తెత్తుమను హామీలతో ఫోను చేయువారు ఇట్టి దినములలోనే అధికమగుదురు. 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని జేసీ పెన్నీ అను మహాసంస్థకు అనుకూలముగ కొనబడిన లింకులు వేలకొలదిగ నున్నవని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టగా, గూగుల్ ఆ సంస్థ స్థానమును అధఃపాతాళమునకు దించెను. 2012 ఏప్రిలులో పెంగ్విన్ అను మార్పు వచ్చి, ఇట్టి లింకుల మీద బ్రతుకుచున్న అసంఖ్యాక సైటులను పడగొట్టెను. వరుసలలో పైకి వచ్చుటకే పుటలను, యంత్రములచేతనైనను మనుష్యులచేతనైనను, గుట్టలుగ వ్రాయించి నింపుటను 2024 మార్చిలో గూగుల్ స్పష్టముగ నిషేధించెను. జేసీ పెన్నీ వంటి మహాసంస్థ తట్టుకొని తిరిగి లేవగలదు. బీసెంటు రోడ్డు చిన్న వర్తకుడు అట్టి దెబ్బకు తట్టుకొనలేడు.

చిన్న వర్తకునికి ఊరట కలిగించు సంగతి స్థానిక శోధన. 'దగ్గరలో' అని వెదకినప్పుడు గూగుల్ చూచునవి మూడు: అడిగినదానితో సంబంధము, అడిగినవానికి దూరము, దుకాణపు ప్రసిద్ధి. దూరమును ఎవరును మార్చజాలరు. కనుకనే విజయవాడ సింగునగరులోని పంపుల మెకానిక్కు తన వీధిలో మహాసంస్థలతో సమానముగ పోటీపడగలడు. మిగిలిన రెంటికిని కావలసినది ఉచితమైన బిజినెస్ ప్రొఫైలులో సరియైన వేళలు, నంబరు, వృత్తి వివరము, కొనినవారి అభిప్రాయములకు మర్యాదగల ప్రత్యుత్తరము. 2024 సెప్టెంబరు మొదటి వారమున బుడమేరు వాగు పొంగి సింగునగరు ప్రాంతము నీట మునిగినప్పుడు, తాత్కాలికముగా మూసినామని ఆ ప్రొఫైలులో ఒక్క గుర్తు పెట్టి, నీరు తీసిన పిదప దానిని తొలగించుట ఎంతో ముఖ్యమైన పని. శాశ్వతముగా మూతబడినదని ఎవరో పొరపాటున తెలుపగా ఆ గుర్తు అట్లే నిలిచిపోవుటయు కలదు. యజమాని నెలకొకసారియైన చూచుకొనకున్న దానిని ఎవరు దిద్దుదురు?

కృత్రిమ మేధ తానే సమాధానము చెప్పివేయు పద్ధతిని గూగుల్ 2024లో భారతదేశమున ప్రవేశపెట్టిన పిదప, ఇక పుటలను ఎవరు చూతురను నిరాశ కొందరిలో కనబడుచున్నది. చూచుట కొంత తగ్గవచ్చును. ఐనను ఆ మేధ చెప్పు మాటలు ఏదో ఒక పుటనుండి గ్రహించినవే. లారీ బాడీ బాగుచేయుటకు, కొలువు బొమ్మలు కొనుటకు మనిషి తుదకు ఒక ఫోను నంబరునకే రావలెను.

ఈ పుటలు చదువుచున్నవారిలో డెల్టా వర్తకులు ఎవరైన నున్నచో వారికి నా మనవి ఒక్కటి. నేటి రాత్రి దుకాణము కట్టివేసిన పిదప మీ ఫోనులో మీ దుకాణము పేరు, ఊరి పేరు కలిపి వెదకి, కనబడిన నంబరునకు మీరే ఒకసారి ఫోను చేసి చూడుడు. తరువాత మీ డొమైను గడువు ఏ తేదీతో తీరునో, అది మీ పేరున నున్నదో లేక ఎన్నడో సైటు చేసిపెట్టి వెళ్లిపోయిన కుర్రవాని పేరున నున్నదో కనుగొనుడు. రెండవదే నిజమైనచో, అతడు ఫోనుకు అందుబాటులో ఉన్నప్పుడే, ఈ వారములోనే దానిని మీ పేరునకు మార్పించుకొనుడు.